ముద్ర లేని ఆట

"ఆ పెట్టెలు నా బల్ల మీంచి తీసెయ్," అన్నాడు ఆర్విడ్ లుండ్. "కూర్చుని తినాలి నేను."

నిన్న సాయంత్రం కొడుకు రసెల్ మంచులో కారు నిలిపి మోసుకొచ్చిన వీడియో ఆటల అట్టపెట్టెలు వంటింటి బల్ల మీద అలాగే ఉన్నాయి. ఎవరూ కదపలేదు. రాత్రి ఆర్విడ్ పొయ్యి పక్కన నిలబడి భోంచేశాడు. ఇప్పుడు కాఫీ కూడా అక్కడే నిలబడి తాగుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను నిలబడి తినడం హిల్డా ఎన్నడూ చూడలేదు.

"నీ దుకాణంలో ఒక్క అర ఇవ్వు. నీ బల్ల ఖాళీ అయిపోతుంది," అన్నాడు రసెల్.

"ముద్ర ఏది?"

"రాత్రే చెప్పాను కదా నాన్నా."

"మళ్ళీ చెప్పు. మీ అమ్మ వినలేదు."

హిల్డా విన్నది. గోడ అవతల పడుకుని అంతా విన్నది. అయినా తల ఎత్తలేదు. లెఫ్సే రొట్టెల కోసం ఉడికించిన బంగాళదుంప ముద్దను కర్రతో పల్చగా ఒత్తుతూనే ఉంది.

"ముద్ర వేసేది టీవీకి తగిలించి ఆడే ఆ మెషిన్ చేసే జపాను కంపెనీ వాళ్ళేనమ్మా," అన్నాడు రసెల్ ఆమె వైపు తిరిగి. "ఆట వాళ్ళకి పంపాలి. వాళ్ళు ఆడి చూసి సరే అంటే డబ్బా మీద బంగారు ముద్ర. ఒంటరిగా చేసేవాళ్ళ దగ్గర తీసుకోరట. పేరున్న కంపెనీ అయితేనే చూస్తారట. ఫోన్లో వాళ్ళ ఆఫీసు పిల్ల మర్యాదగానే చెప్పింది."

"మర్యాదగా తలుపేసింది," అన్నాడు ఆర్విడ్. "ముద్ర లేని క్యాసెట్టు ఆ మెషిన్లో ఆడదు కదా. లోపల తాళం ఉంటుంది. నీది ఎలా ఆడుతోంది?"

"కాలిఫోర్నియాలో ఒకతను దారి కనిపెట్టాడు. ఇవి అతనే చేసిచ్చాడు."

"దొంగదారి."

"తప్పని ఏ కోర్టూ అనలేదు."

"అనేదాకా ఆగుదాం అయితే."

రసెల్ ముఖం ఎర్రబడింది. ముప్పై మూడేళ్ళవాడు. తండ్రి ముందు ఇప్పటికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"ఇది మంచి ఆట నాన్నా. రెండేళ్ళు చేశాను. ఒక్కసారి కింద గదిలోకి వచ్చి చూడు."

"మంచిదో చెడ్డదో నాకేం తెలుసు? బొమ్మలమ్ముకునేవాణ్ణి. నాకు ముద్ర తెలుసు."

"నేను నీ కొడుకుని. నాక్కూడా కావాలా ముద్ర?"

ఆర్విడ్ కప్పు కింద పెట్టాడు.

"ఎనభై రెండు క్రిస్మస్‌కి నిన్ను ముద్ర అడిగానా? అప్పుడు నేనే నీ ముద్రని. మావాడు చేశాడు, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి అన్నాను. ఊరు కళ్ళు మూసుకునే తీసుకెళ్ళింది. పండగ వాసన పోకముందే వెనక్కి తెచ్చింది."

ఆర్విడ్ టోపీ పెట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు.

ఆ క్రిస్మస్‌ను ఆ ఇంట్లో పేరు పెట్టి తలుచుకోరు. రసెల్ అప్పుడు మినియాపొలిస్‌లో ఒక ఆటల కంపెనీలో పని చేసేవాడు. ఇనుపరాయి మోసే ఓడను తుఫానులోంచి రేవుకు చేర్చే ఆట చేశాడు. మూడో తుఫానులో ఓడ నిలిచిపోయేది. అలలు కూడా నిలిచిపోయేవి. ఎన్ని మీటలు నొక్కినా మేకు కొట్టినట్టు అలాగే ఉండేది తెర. తమ ఊరు డులూత్‌లో పిల్లలు పండగ పొద్దున దాని ముందు కూర్చుని ఏడ్చారు.

ఆ ఏడాది దేశమంతా అలాంటి ఆటలే వచ్చాయి. జనం విసిగిపోయారు. దుకాణాల వాళ్ళు బుట్టల్లో పోసి చవగ్గా వదిలించుకున్నారు. కాని డులూత్ మిగతా దేశం సంగతి పట్టించుకోలేదు. మోసం చేసింది ఆర్విడ్ లుండ్ కొడుకు, మాట ఇచ్చింది ఆర్విడ్ లుండ్, అంతే. చర్చి పాటల్లో హిల్డా పక్కన నిలబడి పాడే గెర్డా టోలెఫ్సన్ డబ్బాను గల్లా బల్ల మీద విసిరేసింది. "మా ఇంటి పండగ మింగేశాడు మీవాడు," అంది. రసెల్ ఆ తరవాత చర్చి మెట్లు ఎక్కలేదు.

ఆర్విడ్ ఆటలన్నీ ఊడ్చేసి మంచుబళ్ళు, హాకీ కర్రలు అమ్ముకున్నాడు. జపాను మెషిన్ వచ్చినప్పుడు కూడా మొదట్లో ఎవరూ దాని మొహం చూడలేదు. తరవాత ముద్ర మాట పాకింది. ఆ ముద్ర ఉంటే ఆట మధ్యలో చావదట, ఎవరో ముందే ఆడి చూస్తారట. ఆర్విడ్ కంపెనీ బొమ్మకాగితం మీది ముద్రను పళ్ళెమంత కత్తిరించి అద్దానికి అంటించాడు. ఇది లేని ఆట ఈ దుకాణంలో ఉండదని కింద రాశాడు. డబ్బాను సంచిలో వేసే ముందు ముద్ర మీద వేలు పెట్టి చూపించడం అలవాటు చేసుకున్నాడు. కొనేవాళ్ళు తల ఊపాకే సంచి.

ఊరు తిరిగి వచ్చింది. ఊరు ఆర్విడ్‌ని క్షమించలేదు, ముద్రను నమ్మింది. ఆ తేడా ఆర్విడ్‌కి తెలుసు. అందుకే ఆ ముద్రకి అంత కాపలా.

*

కింద గదిలో రసెల్ తల్లికి కుర్చీ వేశాడు.

"అమ్మా, నువ్వు ఆడు. ఎవరైనా ఒకరు ఆడాలి."

హిల్డా అల్లిక సూదులకే అలవాటైన చేతులతో ఆ మీటల పలకను పట్టుకుంది. తెర మీద సరస్సు గడ్డకట్టి ఉంది. చిన్న పడవ మంచు పగలగొట్టుకుంటూ పోవాలి. దూరంగా దీపస్తంభం. మొదట మునిగింది. మళ్ళీ మునిగింది. తరవాత ఎక్కడ నెమ్మదించాలో చేతికి తెలిసింది. మంచు కింద నీళ్ళ రంగు మారినప్పుడు ఆగాలి. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది.

పడవ రేవు చేరింది. ఎక్కడా ఆగలేదు. హిల్డాకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

"ఎలా ఉంది?"

"మన సరస్సులాగే ఉంది."

రసెల్ నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు. "ఊళ్ళో ఒక్కరమ్మా. బయటివాళ్ళు ఒక్కరు ఆడి బాగుందంటే చాలు. ఈ వీధిలో తల ఎత్తి నడుస్తాను. అదీ లేకపోతే నాకిక్కడ ఏముంది?"

"ఆ జపాను వాళ్ళు ఇంకోసారి అడిగితే చూడరా?"

"చూడరు. ముద్ర ఉంటే ఆట గొప్పదని కాదమ్మా. ఎవరో చూశారని, అంతే."

"మరి దీన్ని ఎవరు చూశారు?"

"నేను చూశాను. మొదటి నుంచి చివరిదాకా, ఎన్నిసార్లో."

"అప్పుడూ నువ్వే చూశావు నాయనా."

ఆ మాట ఎందుకు అన్నదో హిల్డాకు తెలియదు. అనేశాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. రసెల్ లేచి టీవీ కట్టేశాడు.

"అప్పుడు నాకు చూసే టైము ఇవ్వలేదు వాళ్ళు," అన్నాడు, గోడకి చెప్పినట్టు. "పండగలోగా కావాలన్నారు. ఆగిపోతోందని చెప్పాను. ఆగనీ, అన్నారు."

ఈ మాట అతను ఆరేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం రసెల్ రేవు వైపు పని వెతుక్కుంటూ వెళ్ళాడు. హిల్డా చర్చి సంత కోసం జామ్ సీసాలు తీసి వరసగా పెట్టుకుంది. ప్రతి సీసా మూత మీద ఒక బంగారు కాగితం అంటిస్తుంది. గుండ్రంగా, అంచు రంపపు పళ్ళలా, మధ్యలో ఉబ్బెత్తు నక్షత్రం. ఆ కాగితం ఉన్న సీసాను ఊళ్ళో ఎవరూ మూత తీసి చూడరు. హిల్డా లుండ్ జామ్ కదా, అంటారు.

ఒక అట్టపెట్టె విప్పింది. డబ్బా మీద నీలం సరస్సు, తెల్లటి పడవ. కింద ఒక మూల బోసిగా ఉంది.

ఒక కాగితం అక్కడ అంటించింది. డబ్బాను కిటికీలో నిలబెట్టి గుమ్మం దాకా వెళ్ళి చూసింది. అక్కడి నుంచి ఏ తేడా లేదు.

నేను ఆడాను, అనుకుంది. చూసినవాళ్ళు వేసేదే కదా ముద్ర.

పొయ్యి మీద జామ్ మాడింది. ఆమె పెట్టెలోని డబ్బాలన్నిటికీ అంటించడం పూర్తి చేశాకే లేచి వెళ్ళింది.

*

శనివారం ఆర్విడ్ చర్చికి చెక్కలు చేరవేయడానికి వెళ్ళాడు. పండక్కి అక్కడ పెట్టే, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మను ప్రతి ఏడూ అతనే కడతాడు. అతను లేనప్పుడు హిల్డా దుకాణంలో కూర్చుంటుంది. కొన్ని డబ్బాలను ఊలు సంచిలో వేసుకుని వచ్చింది. మిగతా ఆటల మధ్య సర్దింది.

తలుపు గంట మోగింది. గెర్డా టోలెఫ్సన్. చలిలోంచి లోపలికి రాగానే ఆమె కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకుందామంటే చేతులకి మందపాటి ఉన్ని తొడుగులు.

"హిల్డా! మీ ఆయన ఏడీ? పాకలో గాడిదని మళ్ళీ కుంటిగా నిలబెడుతున్నాడా?"

"చర్చిలోనే ఉన్నాడు."

"మనవరాలికి ఒక ఆట కావాలి. పళ్ళకి క్లిప్పు వేయించుకుని మూలన కూర్చుంది, ఏం పెట్టినా తినదు. చచ్చే ఆట ఇవ్వకు తల్లీ, ఒకసారి చూశాం ఆ ముచ్చట."

హిల్డా నవ్వబోయింది. రాలేదు.

"ఈ నీలం డబ్బా ఏమిటి? పడవలా ఉందే."

"కొత్తది."

"పడవలంటే నాకు భయం మీ దుకాణంలో." గెర్డా డబ్బాను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "ముద్ర ఉందా? నా అద్దాల్లోంచి నువ్వూ కనపడటం లేదు, నీ డబ్బా కనపడటం లేదు."

హిల్డా చెయ్యి దానంతట అది వెళ్ళింది. ఆర్విడ్ పెట్టినట్టే వేలు పెట్టింది. నక్షత్రం సరిగ్గా ఆ వేలి కింద ఉంది.

"ఇదిగో."

"మెరుస్తోంది, చాలు." గెర్డా తల ఊపింది. "మనుషుల మాట మీద కొనే రోజులు పోయాయి హిల్డా. ఏమీ అనుకోకు. మీ ఆయన ఇప్పుడు బుద్ధిగా ముద్ర చూసే అమ్ముతున్నాడు, అందుకే వస్తున్నాను."

"ఏమీ అనుకోను."

సంచి అందుకుని గెర్డా వెళ్ళిపోయింది. గంట చాలాసేపు మోగినట్టు అనిపించింది.

ఆర్విడ్ వచ్చేసరికి హిల్డా స్కేట్ల తాళ్ళు చిక్కు తీస్తోంది. అతను కోటు విప్పకుండానే అరల ముందు ఆగాడు. నీలం డబ్బా ఒకటి తీశాడు. గోటితో ముద్ర అంచును లేపాడు. అది తేలిగ్గా లేచింది.

"ఎన్ని పోయాయి?"

"ఒక్కటి. గెర్డా."

ఆర్విడ్ ఇంటికి ఫోన్ చేసి కొడుకును రమ్మన్నాడు.

రసెల్ పరుగున వచ్చాడు. మంచు బూట్లతోనే లోపలికి వచ్చాడు. ఎవరో ఆట కొన్నారని చెప్పడానికి పిలిచారనుకున్నట్టుంది, ముఖంలో వెలుగు ఉంది.

ఆర్విడ్ డబ్బాను అతని ఛాతీకి తగిలేలా పెట్టాడు. "ఎవరు అంటించారు ఇది?"

రసెల్ ఆ బంగారు కాగితాన్ని చూశాడు. నక్షత్రాన్ని చూశాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న నక్షత్రం. తల్లి వైపు చూశాడు. హిల్డా నోరు తెరిచింది.

"నేనే," అన్నాడు రసెల్.

"నువ్వే."

"నేనే అన్నాను కదా."

హిల్డా నోరు మూసుకుంది. స్కేట్ల తాడు ముడిని మళ్ళీ విప్పసాగింది.

ఆర్విడ్ గెర్డాకు ఫోన్ చేశాడు. గెర్డా గొంతు పెద్దది, దుకాణమంతా వినిపించింది.

"ఆర్విడ్! బతికించావయ్యా! పిల్ల తెర ముందు నుంచి లేవడం లేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. అచ్చం మన సరస్సే! మా అక్క మనవడికి ఇంకొకటి తీసిపెట్టు."

రసెల్ ఆ మాటలు విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఊళ్ళో ఒక్కరు.

"గెర్డా, ఆ డబ్బా వెనక్కి తీసుకురా," అన్నాడు ఆర్విడ్. "ముద్ర నకిలీది."

"నకిలీదా?"

"రసెల్ చేసిన ఆట అది. ముద్ర తనే అంటించాడు. నేను లేనప్పుడు పెట్టాడు."

"అదీ సంగతి! ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, బొమ్మ వణుకుతోందేమిటా అని. నా కళ్ళే అనుకున్నా. పిల్ల కళ్ళు పోవు కదా? లాగేస్తున్నా ఇప్పుడే." గొంతు దూరమైంది. "కట్టెయ్యవే! కట్టెయ్ అంటుంటే!" మళ్ళీ దగ్గరకొచ్చింది. "నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది ఆర్విడ్. నీలాంటివాడి కడుపున ఎలా పుట్టాడయ్యా వాడు?"

ఆర్విడ్ ఫోన్ పెట్టేశాడు.

"బొమ్మ వణకదు," అన్నాడు రసెల్, చిన్నగా. "నాన్నా, అది వణకదు."

"చీకటి పడేలోగా నీ పెట్టెలు తీసుకుని వెళ్ళు. ఎక్కడికైనా."

*

నాలుగు దాటగానే చీకటి పడుతుంది ఆ నెలలో. రసెల్ అట్టపెట్టెలు ఒక్కొక్కటే కారులోకి చేరవేశాడు. హిల్డా సాయం చేయబోతే, "వద్దమ్మా, బరువు," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కోపంగా ఏదైనా అంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఆర్విడ్ వంటింట్లో చేప ముక్కలు తింటున్నాడు. హిల్డా తలుపు దగ్గర నిలబడింది.

"ఆర్విడ్, నీకొక మాట చెప్పాలి."

"చెప్పకు."

"వాడు కాదు..."

"తెలుసు." ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "ఆ కాగితాలు ఏ సొరుగులో ఉంటాయో కూడా వాడికి తెలియదు. అన్నీ ఒక్కచోటే అంటించి ఉన్నాయి, వెంట్రుక వాసి తేడా లేదు. అది నీ చెయ్యి. చూడగానే తెలిసింది."

"తెలిసే గెర్డాకి అలా చెప్పావా?"

"ఏం చెప్పమంటావు? నా పెళ్ళాం చేసిందనా? వాడి పేరు ఈ ఊళ్ళో ఎప్పుడో పోయింది. ఇంకోసారి పోతే కొత్తగా పోయేదేం లేదు. నీ పేరు పోతే ఈ ఇంట్లో ఇంకెవరి మాట మిగులుతుంది? రేపు ఎవరు వస్తారు దుకాణానికి?"

"వాడి ఆట బాగుంది, ఆర్విడ్."

"అదీ తెలుసు. గెర్డా చెప్పింది కదా. నకిలీ అని తెలియకముందు చెప్పిన మాట, అందుకే నమ్మాను."

"నమ్మి కూడా పంపేస్తున్నావా?"

అతను మరో ముక్క తీసుకున్నాడు. బయట రసెల్ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతున్నాడు. ఆ చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆగి ఆగి గీకుతున్నాడు. ఎవరైనా బయటికి వస్తారేమోనని ఆలస్యం చేస్తున్నవాడి గీకుడు.

హిల్డా కొక్కెం మీది కోటు తీసింది.

ఆర్విడ్ అడ్డం రాలేదు. కుర్చీలోంచి కదలనైనా లేదు.

"వెళ్ళు. వాడితో చెప్పు. తరవాత గెర్డాతో చెప్పు. వేలు పెట్టి చూపించింది నేనేనని చెప్పు. తరవాత ఆదివారం పాటల్లో ఎవరి పక్కన నిలబడతావో అదీ చూసుకో."

ఆమె ఒక చెయ్యి కోటులోకి వెళ్ళింది. రెండో చెయ్యి బయటే ఉంది.

గీకుడు ఆగింది. కారు తలుపు పడింది.

హిల్డా అలాగే నిలబడి ఉంది. బయట ఇంజను ఒకసారి దగ్గి ఆగి, మళ్ళీ అందుకుంది.